గెడ మనిషి చోటు

పడవ నిండిపోయాక రేవులో మిగిలిపోయే మనుషుల ముఖాలు చూడలేకపోయేవాడు జమీల్.

గోదారి సముద్రంలో కలిసే చోట ఏడు లంకలున్నాయి. ఆ లంకల్లో జబ్బుపడ్డవాళ్ళని అవతలి ఒడ్డున ఉన్న వైద్యశాలకి చేర్చడానికి ఫకీరు రహమత్ షా తన దర్గా తరఫున ఒక పడవ నడిపించేవాడు. వారానికి మూడు రోజులు తిరిగేది. రోగులకి ఎనిమిది చోట్లు. తొమ్మిదో మనిషి వస్తే మళ్ళీ పడవ వచ్చేదాకా ఆగాల్సిందే. కొందరు అంతదాకా ఆగలేకపోయేవారు.

జమీల్ దర్గాలో శిష్యుడిగా చేరి రెండేళ్ళు. లెక్కలు అతనికి నాలుక చివర ఉండేవి. వరదకి పడవ కట్టేసిన ఎనిమిది వారాలూ అతను ఖాళీగా కూర్చోలేదు. ఎవరూ చెప్పకుండానే కాగితాలు ముందేసుకున్నాడు. ఏ రేవు నుంచి ఏ రేవుకి ఎన్ని తెడ్లు వెయ్యాలి, ఎక్కడ ఎంత లోతు, ఏ మలుపు దగ్గర ఎంతసేపు పడుతుంది, అన్నీ రాశాడు. పదకొండు కాగితాలయ్యాయి. వాటిని తీసుకెళ్ళి గురువు ముందు పరిచాడు.

"మూడేళ్ళకి సరిపడా ఏర్పాటు, బాబా. మీ ముద్ర వేస్తే గోడకి తగిలిస్తాను. ఇక ఎవరూ మళ్ళీ ఆలోచించక్కర్లేదు."

రహమత్ షా ఒక్కో కాగితమే ఓపిగ్గా చదివాడు. అంతా అయ్యాక అడిగాడు.

"ఇందులో సింహాద్రి ఏడీ?"

సింహాద్రి గెడ మనిషి. పడవ ముందు కొసన నిలబడి, పొడుగాటి వెదురు గెడని నీళ్ళలోకి దింపుతూ, లోతు ఎంతుందో వెనక చుక్కాని పట్టినవాడికి కేకేసి చెప్పడం అతని పని.

"లోతులన్నీ రాశాను కదా బాబా, ఇక అతనెందుకు? ఆ చోటు కూడా రోగికిద్దాం. వరద వారాలు తీసేస్తే ఏడాదికి నూట ముప్పై రెండు పడవలు. మూడేళ్ళలో మూడు వందల తొంభై ఆరుగురు!"

గుమ్మం దగ్గర కూర్చున్న సింహాద్రి నవ్వాడు. "మంచిదే బాబూ. నా మోకాళ్ళకి పెన్షనిచ్చేశారు."

రహమత్ షా ముద్ర వెయ్యలేదు, వద్దనీ అనలేదు. "రేపు మొదటి పడవ. నువ్వు రాసినట్టే పోదాం. నేనూ వస్తాను," అన్నాడు.

ఆ సాయంత్రమే చేపలవాళ్ళు కబురు తెచ్చారు. రెండో లంకలో వీరవేణి అనే అమ్మాయి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందట. తొలి కాన్పు.

తెల్లారుతుండగా బయల్దేరారు. నది మంచి పోటు మీద ఉంది. వెనక చుక్కానీ తెడ్డూ రెండూ తనే చూసుకుంటూ నూకరాజు, మధ్యలో గురువు, ముందు కొసన కాగితాలతో జమీల్.

"పడమటి పాయలోకి తిప్పు, నూకరాజూ. అక్కడ మూడు నిలువుల లోతు."

"గెడ మనిషి లేకుండా తోలడం అంటే కళ్ళకి గంతలు కట్టుకుని పెళ్ళికెళ్ళడమేనండి," అంటూనే తిప్పాడు నూకరాజు.

కాసేపు అంతా రాసినట్టే జరిగింది. ఒక్క తెడ్డు కూడా తేడా రాలేదు. జమీల్ గురువు వైపు చూడబోయాడు.

పడవ అడుగున ఏదో గరగరమంది. తర్వాత పడవ ఆగిపోయింది.

"ఆయ్! మూడు నిలువులు వచ్చేశాయండి!" అన్నాడు నూకరాజు. వెంటనే దిగి పడవకి భుజం ఆనించాడు.

జమీల్ కూడా దూకాడు. నీళ్ళు చీలమండ దాటలేదు.

అతను అలాగే నిలబడిపోయాడు. ఇటు ఒడ్డు గీతలా ఉంది, అటు ఒడ్డు అసలు కనపడడం లేదు. మధ్య గోదారిలో అతను నేల మీద నిలబడి ఉన్నాడు. ముందు కనుచూపు మేరా ఇసుక మేట. అలల గీతలు ఇంకా చెరగలేదు. దాని మీద వందల కొంగలు, ఎప్పటినుంచో అక్కడే పుట్టి పెరిగినట్టు, నింపాదిగా తిరుగుతున్నాయి. నిరుడు సరిగ్గా ఇక్కడే అతను గెడ దింపించి చూశాడు. మూడు నిలువులు దిగాక గానీ అడుగు తగల్లేదు. ఎనిమిది వారాల్లో, తను కాగితాలు రాస్తున్నంతసేపట్లో, ఇక్కడ ఒక లంక పుట్టింది. దానికింకా పేరు కూడా లేదు.

చేతిలో కాగితాలు నలిగిపోతున్నా అతనికి తెలియలేదు.

రహమత్ షా పడవ దిగి ఆ కొత్త నేలకి సలాం చేశాడు.

"ఎక్కడికి బయల్దేరాం, బేటా?"

"రెండో లంక... పడమటి రేవుకి, బాబా."

"అది రేవు. ఎవరి దగ్గరికి?"

"వీరవేణి దగ్గరికి."

"ఆమె కదల్లేదుగా. పద."

ముగ్గురూ కలిసి పడవని వెనక్కి నీళ్ళలోకి నెట్టారు. డెబ్భై ఏళ్ళ గురువు ముందు కొసకి వెళ్ళి, పడవలోనే ఉన్న సింహాద్రి గెడ అందుకున్నాడు. దింపాడు.

"మోకాలు!"

నూకరాజు పడవని కుడికి తిప్పాడు. గురువు మళ్ళీ గెడ దింపాడు.

"నడుము!" ఇంకొంచెం కుడికి. "నడుము! మెడ! గెడకి అడుగు అందలేదు!"

ముందు ఏ దారీ లేదు. ఎటు చూసినా ఒకటే రంగు నీళ్ళు. గెడ తాకిన చోటల్లా దారి తెరుచుకుంటున్నట్టుంది. జమీల్ ఆ వంకరలన్నీ ఒక్కటి వదలకుండా కాగితం వెనక రాసుకున్నాడు. తొమ్మిది మలుపులు.

రెండో లంకకి తూర్పున, రేవే లేని గట్టు దగ్గర ఆగారు. వీరవేణిని దుప్పట్లో మోసుకొచ్చి ఎక్కించారు. వెంట ఆమె తల్లి. వీరవేణి పెదవులు తెల్లబారి ఉన్నాయి. కేక వేసే ఓపిక కూడా అయిపోయింది.

"తొందరగా తోలండి బాబూ," అంది తల్లి.

పడవ తిరిగేసరికి బాగా పొద్దెక్కింది. గురువు మళ్ళీ కొసన గెడతో నిలబడ్డాడు. జమీల్‌కి అర్థం కాలేదు.

"ఇంకా కొలుస్తూ కూర్చుంటే ఎలా బాబా? దారంతా రాశాను. ముందు ఎడమకి నలభై తెడ్లు. అక్కడ మెడ లోతు. ఈ దారి పొద్దున కొలిచిందే కదా!"

రహమత్ షా తల తిప్పలేదు.

"పొద్దున కొలిచింది పొద్దుటి గోదారిని, బేటా."

గెడ దింపాడు. మెడ లోతు ఉండాల్సిన చోట గెడ మోకాలి దగ్గర ఆగిపోయింది. ఆటు మొదలైంది. నది మొత్తం నిశ్శబ్దంగా సముద్రంలోకి దిగిపోతోంది.

జమీల్ గెడ వంక చూశాడు. నీళ్ళ వంక చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది గానీ నిజానికి రెండు తెడ్లు పడేంతసేపే. లేచి కొసకి వెళ్ళాడు. గురువు చేతిలోంచి గెడ తీసుకున్నాడు. గురువు వెనక్కి వచ్చి వీరవేణి తల దగ్గర కూర్చుని ఆమెకి ఎండ పడకుండా తన శాలువా పట్టాడు.

"మోకాలు!" జమీల్ కేకేశాడు.

నూకరాజు తిప్పాడు.

"నడుము!... నడుము!... మెడ!"

అవతలి ఒడ్డున జనం మంచం పట్టుకుని నీళ్ళలోకి దిగి ఎదురొచ్చేదాకా ఆ కేక ఆగలేదు.