మూడు ముద్దల దీపాలు

మీ అమ్మమ్మకి గొంతు పట్టేసిందర్రా. ఈ పూటకి మావయ్యే అమ్మమ్మ. దుప్పట్లు కప్పుకోండి, చెబుతా.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి రాజు లేడు, కోట లేదు. ఉన్నదల్లా ఒక ట్రాన్స్‌ఫార్మరు. అదీ కాలిపోయింది!

అంతకు ముందు సంగతి చెప్పాలి కదూ. ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒక అత్త, శేషమ్మ అని ఒక కోడలు. కోడలికి పుట్టుకతోనే మాట రాదు. చేతులే నోరు, వేళ్ళే నాలుక. అత్త పగలంతా వేరుశనగ చేలో ఉండేది. రాత్రి తిండ్లయ్యాక కోడలు చేతులతో కథ చెప్పేది, అత్త ఊ కొట్టేది. మీకంటే బాగా కొట్టేది! ఏదీ, ఊ కొడుతున్నారా?

ఒక రాత్రి, కథలో నక్క బావిలో పడ్డచోట కరెంటు పోయింది. ఇంకేముంది, వేళ్ళు చీకట్లో కలిసిపోయాయి, నక్క బావిలోనే ఉండిపోయింది. మూడు రాత్రులు ఓబులమ్మకు నిద్ర లేదు. "నక్క బతికిందా తల్లీ?" అని అడుగుతుంది. కోడలు చెబుతూనే ఉంటుంది, అత్తకు కనపడదు. కిరసనాయిలు బుడ్డి వెలిగిస్తే పొగకి ఒకటే దగ్గు.

కొడుకు పుల్లన్న మంచోడే, తొందర మనిషి. నాలాగే అనుకోండి. టౌనుకెళ్ళి శనగగింజంత ఎల్‌ఈడీ దీపాలు ఐదు తెచ్చాడు. పొద్దు వాలుతుండగా గోడగడియారంలో బ్యాటరీ తీసి ఒకదానికి పెట్టాడు. దీపం కన్ను తెరవలేదు. "దీనికి కడుపు నిండలా" అని ఏకంగా మోటారుసైకిల్ బ్యాటరీకి తగిలించాడు. ధగ్గుమంది, టప్పుమంది, పోయింది. ఇంకోటి పెట్టాడు. ధగ్గుమంది, టప్పుమంది, పోయింది. "దొంగ సరుకు అంటగట్టినాడు!" అంటూ మూడోది అందుకున్నాడు.

శేషమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది. ఆమె నాయన రేడియోలు బాగుచేసే మనిషిలెండి. లోపలికెళ్ళి, రాత్రికని చేసిన రాగి ముద్దలు పన్నెండూ తెచ్చి మొగుడి పళ్ళెంలోనే పెట్టింది. తినమని సైగ చేసింది.

"ఏంది మే ఇది! పొట్ట పగిలి చస్తా!"

శేషమ్మ కాలిపోయిన దీపం చూపించింది. పుల్లన్న చేతిలోని మూడో దీపాన్ని కింద పెట్టేశాడు.

అప్పుడామె మూడు పళ్ళేలు వరసగా వేసి తలా మూడు ముద్దలు పెట్టింది. మిగిలిన మూడూ గుమ్మంలో కుక్కకి. అర్థమైందా? ఆ బ్యాటరీ వడ్డించేది పన్నెండు ఓల్టులు, ఒక్కో దీపం ఆకలి మూడే. అందుకని మిగిలిన మూడు దీపాలనూ ఒకే తీగకి పంక్తిలో కూర్చోబెట్టి, చివర కుక్కకి బదులు వాళ్ళ నాయనిచ్చిన చారల రెసిస్టరు కట్టింది. మొదటి దీపం మూడు తింది, రెండో దీపం మూడు తింది, మూడో దీపం మూడు తింది, మిగిలిన మూడూ రెసిస్టరు తింది. ఒక్కటీ టప్పుమనలేదు! (గోడ ప్లగ్గు జోలికి మాత్రం పోకండర్రా, అది రెండొందల ముప్పై ముద్దల రాకాసి.)

చీకటి పడ్డాక ఓబులమ్మ చేలోంచి వచ్చింది. ఇల్లంతా వెన్నెల పరిచినట్టుంది. పుల్లన్న దీపాల గొప్ప చెప్పబోతే, "అవుండనీరా" అని కోడలి ముందు కూలబడింది. "నా నక్క సంగతి చెప్పు తల్లీ."

కోడలి కుడిచెయ్యి చేదయింది, ఎడమచెయ్యి నక్కయింది. చేద దిగింది. నక్క ఎక్కి కూచుంది. నీళ్ళకొచ్చిన ముసలమ్మ తోడింది, తోడింది, తోడింది... నక్క గట్టు మీదికి దూకింది!

"ఊ" అంది ఓబులమ్మ. కాసేపటికి మళ్ళీ "ఊ" అంది. మూడో ఊ రాలేదు. కోడలి ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. శేషమ్మ మెల్లిగా తీగ ఊడదీసింది.

ఎంత ప్రేమున్నా ఎదుటివాళ్ళ ఆకలెంతో చూసి వడ్డించాలర్రా.

నక్క అడవికి, కథ కంచికి... ఇదేంటి, మీ ఊ కూడా ఆగిపోయిందే! సరే, మీరు నిద్రలోకి.