ముట్టుకోకమ్మా, మడి

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒకావిడ ఉండేది. ఇటు జరుగు, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆవిడకి నాలుగేళ్ళ కూతురు కనకం, రెండేళ్ళ కొడుకు శేషు. ఇంట్లో అత్తగారు. ఆ అత్తగారికి మడంటే ప్రాణం.

మడంటే నీకు తెలీదు కదూ? పొద్దున్నే తలారా స్నానం చేసి, విడిగా ఆరేసిన బట్ట కట్టుకుని దేవుడికి వంట చెయ్యాలి. పూజయ్యేదాకా ఆ మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు, కన్నపిల్లలైనా సరే. కనకానికేమో పండగంటే ఒకటే. అమ్మ ఒళ్ళో కూచుని వేడివేడి బూరె తినాలి. పిచ్చిది, అంతకన్నా ఏం కోరలేదు.

శ్రావణమాసం వచ్చింది, వరలక్ష్మీ వ్రతం. తొమ్మిది రకాల పిండివంటలు, వచ్చేపోయే ముత్తైదువలు, వండేది పేరిందేవి ఒక్కతే. అప్పుడు కనకం నిద్రకళ్ళతో లేచొచ్చి వెనకనుంచి అమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. "అయ్యో అయ్యో, మైలపడిపోయింది! మళ్ళీ మొదట్నుంచీ వండు" అని అత్తగారు కేకలేసింది. ఆవిణ్ణేమీ అనలేక పేరిందేవి పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. నూతి దగ్గర మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుంటూ తనూ ఏడ్చింది.

ఆ తర్వాత వినాయకచవితి వచ్చింది. పక్కింటి బామ్మ కనకానికో ఉపాయం చెప్పింది. పసిపిల్లలు బట్టలు విప్పేసి ముట్టుకుంటే మడికేం కాదట, మైలంతా బట్టలకేనట. కనకం ఏం చేసిందో తెలుసా? కొత్త గౌను విప్పి అవతల పడేసి, వంటింటి గడప దగ్గర నించుంది.

"అమ్మా, ఇప్పుడు రావచ్చా?" అంది.

రావచ్చు. నిజంగానే రావచ్చు. కానీ పొయ్యి మీద పోపు మాడుతోంది, పురోహితుడు వాకిట్లోకి వచ్చేశాడు. "తర్వాత రా తల్లీ, నన్ను చంపకు" అంది పేరిందేవి. పిల్ల గౌను తనే తొడుక్కుంది, తిరగేసి.

అది చూసి పేరిందేవి మనసు చివుక్కుమంది. ఏం పండగలివి, పిల్లల మొహం చూడని పండగలు అనుకుంది. దసరాకి మాత్రం ఇలా కాదని ఒట్టు పెట్టుకుంది.

అప్పుడు దసరా వచ్చింది. "తొమ్మిది వంటలేవీ?" అని అత్తగారడిగితే "అమ్మవారికి అయిదు చాలండీ" అంది. జన్మలో మొదటిసారి ఎదురు చెప్పింది. నైవేద్యం అవగానే మడిబట్ట విడిచేసి, మామూలు చీర కట్టుకుని, పళ్ళెంలో బూరెలు పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

పెరట్లో కనకం పండగ ఆట ఆడుతోంది. నడుముకి తడితువ్వాలు చుట్టుకుని, కొబ్బరిచిప్పలో మట్టిబూరెలు చేస్తోంది. శేషుగాడు దగ్గరికి రాబోతే "దూరం వెధవా! మడి కనబడట్లా?" అని కసిరింది. అచ్చం వాళ్ళమ్మ గొంతే. వాడు గోడ పక్కన నించుని వెక్కుతున్నాడు.

"కనకం, ఇదుగో బూరె. రా, ఒళ్ళో కూచో" అని పేరిందేవి చేతులు చాపింది.

కనకం రెండడుగులు వెనక్కి వేసింది. "ముట్టుకోకమ్మా, నేను మడి. నా పండగ ఇంకా అవలేదు. తర్వాత రా తల్లీ" అంది.

కోపంగా అన్నా బాగుండును. పనిలో తలమునకలైన మనిషిలా అంది. పేరిందేవి శేషుగాణ్ణి ఎత్తుకుని మెట్టు మీద కూలబడింది. బూరెలు చల్లారిపోయాయి.

ఆ తర్వాత ఎన్నో పండగలొచ్చాయి. ప్రతి పండక్కీ ఆవిడ ముందు చేతులే చాపేది. కనకం వచ్చేది, పళ్ళెం అందుకునేది, దూరంగా కూచుని తినేది. పాపం, పిల్ల తప్పేముంది అందులో? నేర్పిందే చేసింది.

సరే, పడుకో. రేపు పండగ కదా, లేవగానే తిన్నగా వంటింట్లోకి వచ్చెయ్యి. గౌను విప్పక్కర్లేదు.

కథ వెళ్ళింది కంచికి,
మడిబట్ట దండేనికి,
నువ్వు రావే నా ఒళ్ళోకి.