కీచురాయి లేని పాట

1987 జూన్ పద్నాలుగు, ఆదివారం. మృగశిర కార్తె వచ్చి వారం కావస్తున్నా చినుకు లేదు. పొద్దుటి నుంచీ పడమటి గాలి నిప్పులు మోసుకొచ్చి మొహాన కొడుతూనే ఉంది. సాయంత్రానికి నల్లబోడు గుట్ట వెనక మబ్బు లేచింది గాని, అది కూడా ఉరమకుండా, కురవకుండా ఊరికే నిలబడి చూసింది.

అడవిలో వాళ్లకి తేదీలుండవు, కార్తెలే ఉంటాయి. తేదీ లెక్క నేను కట్టుకున్నదే. మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మాస్టారు, జంతువుకి రేపు అనేది తెలియదు అనేవారు. పెద్దమనిషే, సందేహం లేదు. కాని తంగేడు పొదల పక్కన ఒక్క సాయంత్రమైనా కూర్చున్న మనిషి కాదు. రేపటి గురించి ఆలోచించబట్టే ఈ కథలో ఒక ప్రాణం పోయింది.

గుట్ట కింద ఎండిపోయిన వాగు ఉంది. వాగుకి అవతల అన్నీ బండలు. ఇవతల తంగేడు, రేగు పొదలు. ఆ పొదల్లో ముగ్గురి పాటల జట్టు ఒకటి ఉండేది. పాడేది కౌజుపిట్ట తిరపాలమ్మ. దరువు కుందేలు పిచ్చయ్యది. బోలుగా ఎండిన తాటిమొద్దు మీద వెనక కాళ్లతో వేసేవాడు. శ్రుతి ముసలి కీచురాయి గురవయ్యది. పొద్దు వాలగానే ఆయన సన్నగా అందుకుంటే ఆ దారం మీదే మిగతా ఇద్దరూ నడవాలి.

వాళ్లకొక కట్టుబాటు ఉంది. కీచురాయికి చెవులు కాళ్లలో ఉంటాయి. ఎంత మెత్తటి అడుగైనా నేల అదిరి ఆయన కాళ్లకి తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం శ్రుతి ఆగుతుంది. శ్రుతి ఆగితే పాట ఆగాలి, దరువు ఆగాలి, ముగ్గురూ ఊపిరి బిగబట్టాలి. అడుగు దాటిపోయాక శ్రుతి మళ్లీ మొదలవుతుంది. ఆపిన మాట దగ్గరే పాట అందుకోవాలి. ఇది సంగీతం కోసమా ప్రాణం కోసమా అని ఎవరూ అడగలేదు. తాతల నాటి నుంచి రెంటికీ అదే సరిపోయింది.

అంతకుముందు ముగ్గురూ గుట్ట మీద నెమలి దొర దగ్గర పాడేవాళ్లు. పాట వీళ్లది, పురి ఆయనది. విన్నవాళ్లంతా పురిని మెచ్చుకుని పోయేవాళ్లు. ఒకనాడు తిరపాలమ్మ, ఇంకెవరి తోక కిందా పాడేది లేదని చెప్పి గుట్ట దిగొచ్చింది. ఆమె వెంట ఈ ఇద్దరూ దిగొచ్చారు. వచ్చి, సొంతంగా ఎనిమిది పాటలు కట్టారు.

ఇప్పటి పిల్లలు దాన్నే ఆల్బం అంటున్నారు. అప్పట్లో మనుషులకి క్యాసెట్టు ఉండేది, అడవికి గోరింక ఉండేది. గోరింక మంగతాయి ఒకసారి విన్నదంటే అక్షరం పోదు. మధ్యలో మీరు దగ్గితే ఆ దగ్గూ పోదు. ఎనిమిది పాటలూ ఆమెకి ఎక్కించాలి, తొలకరి పడిన రోజున ఆమె గుట్ట చుట్టూ తిరిగి పాడాలి. అదే విడుదల.

తిరపాలమ్మ ఆరాటం పేరు కోసం కాదు. వాళ్లమ్మ కూడా పాటగత్తే. వేటగాడి వలలో పడిపోయిన నాడు ఆమె పాటలన్నీ ఆమెతోనే పోయాయి. కూతురికి మిగిలింది ఒక్క చరణం, అదీ సగం. ఇప్పుడు రేగు పొద కింద తిరపాలమ్మకి ఇంకా రెక్కలు రాని పిల్లలు నలుగురు. "నేను ఉన్నా లేకపోయినా నా పాట వాళ్ల చెవిన పడుతుండాలి" అనేది ఆమె. దానికి గురవయ్య, ముందు నువ్వు ఉండటం సంగతి చూసుకోమనేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా. ఆయన మాటా అంతే అయింది.

అలాంటి రోజుల్లో నక్క చెన్నదాసు వాగు అవతల బండ మీదికొచ్చి కూర్చున్నాడు. ఇవతలికి ఒక్క అడుగు వెయ్యలేదు.

"భయపడకు తల్లీ, దాటి రాను. పాట వినిపోదామని వచ్చా."

"ఎన్నాళ్ల బట్టి వింటున్నావు మావా?" అన్నాడు పిచ్చయ్య మొద్దు వెనక నుంచి.

"మీ నాన్న దరువు వేసే రోజుల నుంచీ."

"మా నాన్న నీ పొట్టలోకే పోయాడు గదా."

"అందుకే అల్లుడూ, ఆయన దరువు నాకింకా లోపల వినపడుతుంటుంది."

పిచ్చయ్యకి నవ్వాలో దాక్కోవాలో తెలియలేదు. చెన్నదాసు మాత్రం నవ్వకుండా పని మాట్లాడాడు. పాట మంచిదైతే చాలనుకోవడం పిచ్చితనమనీ, ఫలానా పాట వస్తోందని నలుగురికీ ముందుగా చెప్పేవాడు ఉండాలనీ, జింకల చెలమ దగ్గరా, ముళ్లపందుల బొరియల దగ్గరా, అడవి కోళ్ల గుంపులోనూ తన మాట చెల్లుతుందనీ చెప్పాడు. ఊరికే చేస్తావా అని తిరపాలమ్మ అడిగింది. ఎన్నో గొంతులు ఆపిన పాపం తనకుందనీ, ఒక్క గొంతైనా నిలబెట్టి పోవాలనుందనీ అన్నాడు. అబద్ధంలో నాలుగో వంతు నిజం కలిపితేగాని అది అతకదు. ఆ పాళ్లు వాడికి బాగా తెలుసు.

మూడు పాటలు మంగతాయికి అప్పటికే ఎక్కాయి. రుచి చూపిద్దామని వాడు ఆమెని చెలమ దగ్గర పాడించాడు. మర్నాడు వచ్చి తల వేలాడేసుకుని బండ మీద కూర్చున్నాడు.

"చెప్పు మావా, ఏమన్నారు?"

"వద్దులే తల్లీ."

"చెప్పు."

"ముళ్లపంది అడిగింది, ఆ పిల్లకి పాట మధ్యలో ఎక్కిళ్లా అని. అందరూ నవ్వారు. నేనూ చెప్పబోయాను, అది కట్టుబాటు అని. ఎవరు వింటారు?"

మంగతాయిని పిలిచి పాడమన్నారు. ఆమె ఉన్నదున్నట్టు పాడింది. రెండో చరణం నడుమ ఆగింది. కొమ్మ మీద బిగుసుకుపోయి కూర్చుంది. చాలాసేపటికి అందుకుంది. మళ్లీ ఆగింది. పాడేటప్పుడు ఆ మౌనం వీళ్లకెన్నడూ వినపడలేదు. పరాయి గొంతులో విన్నప్పుడు మాత్రం తిరపాలమ్మ తల దించుకుంది. నా పిల్లలు వినాల్సింది ఇదా, అనుకుంది.

"పాట తెగుతోంది" అంది.

"తెంపేదెవరో తెలుసుగా" అన్నాడు పిచ్చయ్య. నక్క ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం వాడికి రాలేదు.

గురవయ్య కోప్పడలేదు. "నేను ఆపడం లేదమ్మా. నేల ఆపుతోంది. నేను వింటున్నానంతే" అన్నాడు.

అప్పుడు చెన్నదాసు ఉపాయం చెప్పాడు. తొలకరి దాకా తను కావలి కాస్తాడు. వాగు దాటి, దూరంగా, పొదల చుట్టూ తిరుగుతుంటాడు. పామైనా, అడవి పిల్లి అయినా తనని దాటి రాదు. ఇక ఆపే పనే లేదు, పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్క ధారగా పోవచ్చు. ఆ సాయంత్రమే కావలి మొదలైంది. వాడు పొదల చుట్టూ అడుగు వేశాడో లేదో, శ్రుతి ఆగిపోయింది. ఇంకో అడుగు. ఆ సాయంత్రమంతా శ్రుతి లేవనే లేదు.

"ఇదేం చోద్యం తాతా?" అంది తిరపాలమ్మ. "కావలివాడి అడుగుకి కూడా ఆగుతావా?"

"అడుగుకి ఆగుతానమ్మా. ఎవరి అడుగని నా కాళ్లు అడగవు."

"నడవకుండా కావలి కాయడం నాకు రాదు తల్లీ. పోనీ, వెళ్లిపొమ్మంటే పోతా" అన్నాడు చెన్నదాసు, చాలా మెల్లగా.

వాడు పోతే ఎనిమిది పాటలూ ఎక్కిళ్లతోనే పోతాయి. మబ్బులు చూస్తే ఈ రోజో రేపో అన్నట్టున్నాయి. శ్రుతి లేకుండా పాడలేనా అని తిరపాలమ్మ తనలో తాను అనుకుంటుండగానే, నీ గొంతే శ్రుతి కదా తల్లీ అని వాడు అందించాడు. ఆమె గురవయ్యని పొమ్మనలేదు. పిల్లలు చిన్నవాళ్లు, వాళ్ల దగ్గర కాస్త కూర్చోమంది. పెద్దవాళ్లని తీసేసేటప్పుడు మనం ఇంట్లో కూడా ఇలాగే అంటాం. ముసలాయన రేగు పొద కిందికి పోయాడు.

తర్వాతి రోజులు నిజంగానే బాగా గడిచాయి. పాట తెగలేదు. నాలుగోది, అయిదోది, ఆరోది, ఏడోది మంగతాయికి చక్కగా ఎక్కాయి. మొదటి మూడూ కూడా తిరగపాడారు. మొదట్లో అడుగు చప్పుడైనప్పుడల్లా తిరపాలమ్మ మెడ మీద ఈకలు లేచేవి. రానురాను లేవడం మానేశాయి. చెన్నదాసు తిరిగే చుట్టు రోజుకి కొంచెం చిన్నదవుతూ వచ్చింది. ఒకనాడు రేగు పొదకి అవతల తిరిగినవాడు మర్నాడు ఇవతల తిరిగాడు. పాట దగ్గరగా వినాలనుంటుంది గదా అనుకున్నారు.

జూన్ పద్నాలుగు సాయంత్రం ఎనిమిదో పాట. తిరపాలమ్మ వాళ్లమ్మ నుంచి మిగిలిన సగం చరణాన్ని తీసుకుని, మిగతా సగం తను కట్టి, వాన కోసం పిల్లలు పాడుకునే పాటగా అల్లింది. మంగతాయి కొమ్మ మీద మెడ వంచి వింటోంది. చివరి దాకా వదలకుండా పట్టుకోమని ఆమెకి గట్టిగా చెప్పి ఉంచారు. తిరపాలమ్మ కళ్లు మూసుకుని అందుకుంది.

చుట్టు ఇప్పుడు తాటిమొద్దు దాకా వచ్చింది. పిచ్చయ్య చూశాడు. నక్క తల వంచి, పొట్ట నేలకి ఆనించి వస్తోంది. కావలి కాసేవాడెవడూ అలా నడవడు. అరవాలనుకున్నాడు. కాని కుందేలు జాతికి భయమేస్తే గొంతు రాదు, కాళ్లూ రావు. బిగుసుకుపోయాడు. దరువు ఆగిపోయింది.

ఇక్కడే తిరపాలమ్మకి ఆఖరి అవకాశం ఉండింది. కాని పాడేవాళ్లకొక అలవాటుంది. పక్కవాడు తాళం తప్పితే, వినేవాళ్లకి తెలియకుండా గొంతు పెంచి కప్పేస్తారు. స్నేహంతోనే కప్పుతారు. పిచ్చయ్య తప్పాడనుకుని ఆమె గొంతు పెంచింది. అంత నిండుగా ఆమె ఎప్పుడూ పాడలేదట.

చరణం చివరి మాట పూర్తికాలేదు. పిచ్చయ్యకి అప్పుడు కాళ్లొచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం తొలకరి పడింది. అనుకున్నట్టే విడుదల జరిగింది. మంగతాయి గుట్ట చుట్టూ తిరిగొచ్చి, చెలమ దగ్గర కూర్చుని ఎనిమిది పాటలూ పొల్లుపోకుండా పాడింది. ఎనిమిదో పాట చివర, గొంతు పైకి లేచి, ఎక్కడా లేని కేక ఒకటై, గరగరమని తెగి, ఈకల చప్పుడుతో ముగిసింది. అదీ ఉన్నదున్నట్టే పాడింది. జింకలు కదల్లేకపోయాయి. ముళ్లపంది, ఆ చివరి విరుపు ఇంతవరకు ఏ పాటలోనూ వినలేదంది.

"ఎవరి ఆలోచన అది?"

"నేనే దగ్గరుండి పాడించాను" అన్నాడు చెన్నదాసు. వాడు ఈ కథ మొత్తంలో చెప్పిన పూర్తి నిజం అదొక్కటే.

వాడి పని అక్కడితో అయిపోలేదు. మంగతాయికి తన వీపు మీద గోమార్లు ఏరుకు తినడానికి చోటిచ్చాడు. ఆమెని ఎక్కించుకుని సాయంత్రాలు పొదల్లో తిరుగుతూ పాడించాడు. తిరపాలమ్మ గొంతు విని, ఇంకా బతికే ఉందనుకుని పక్క పొదల కౌజులు పలకరించడానికి వచ్చేవి. వచ్చినవి తిరిగి పోలేదు. తల్లికి వల అయితే, కూతురికి పాటే వల అయింది.

ఒక సాయంత్రం ఆ పాట రేగు పొద వైపూ వచ్చింది. పొద కింద గురవయ్య శ్రుతి ఠక్కున ఆగింది. పిల్లలు నలుగురూ మాత్రం మెడలు నిక్కించారు.

"తాతా, అమ్మ గొంతు" అంది పెద్దది.

"అమ్మ గొంతే."

"మరి వెళ్దామా?"

"వద్దు. ఆ పాట ఎప్పుడు వినపడినా, ఎక్కడ వినపడినా, అది రాని వైపుకి పరిగెత్తండి. ఇప్పుడే."

పరిగెత్తారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై, వాళ్ల పిల్లలకీ అదే నేర్పారు. ఆ గుట్ట కింద కౌజులు ఇప్పటికీ ఆ పాటకి పారిపోతాయంటారు. వాన కోసం కట్టిన పాట అని వాళ్లకి తెలియదు.

ఎవరికి ఏం దక్కిందో చెప్పడం మిగిలింది. పాటలు ఎనిమిదీ మంగతాయికి దక్కాయి. ఆ పాటలు కట్టించినవాడన్న పేరు, దాని వెంట వచ్చిన తిండీ చెన్నదాసుకి దక్కాయి. పిచ్చయ్య మళ్లీ నెమలి దొర తోక కింద చేరాడు. కాళ్లు వణుకుతున్నాయని ఇప్పుడు దరువు వెయ్యడు, ఊరికే కూర్చుంటాడు. తాటిమొద్దు చెదలకి పోయింది. గురవయ్యకి నలుగురు పిల్లల కాపలా దక్కింది, అది ముందే ఇచ్చినదే. ఎవరి చెవిన పడాలని తిరపాలమ్మ ఆ పాట కట్టిందో, ఆ పిల్లలకి మాత్రం ఏమీ దక్కలేదు.

కావలివాడి అడుగుకి శ్రుతి ఆగితే, మార్చుకోవాల్సింది శ్రుతిని కాదు.