మేత ముట్టని చేప

భీమిలిలో తిరువేంగళాచార్యులుగారు సాయంత్రం పూట తమ ఇంటి అరుగు మీద పురాణం చెప్పేవారు. పురాణం ముగిశాక ఎవరైనా సందేహం అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, "ఇంటి దగ్గర అంతా కులాసాయేనా?" అంటారు. అడిగినవాళ్లు ఇంటి సంగతులు చెప్పుకుంటూ పోతారు. ఆ మాటల మధ్య ఎక్కడో ఒకచోట ఆయన వాళ్లను ఆపుతారు. జవాబు అక్కడి నుంచి మొదలవుతుంది.

ఒక చలికాలం సాయంత్రం అలివేణి అడిగింది. ఆమె ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఎంత మొండికేసిన రోగి చేతనైనా నాలుగు చెంచాల గంజి తాగిస్తుందని పేరు.

"ఆచార్యులుగారూ, ప్రేమతో పెట్టింది కూడా కొందరు ఎందుకు పుచ్చుకోరండీ?"

ఆయన కండువా దులిపారు. ఇంటి క్షేమం అడిగారు.

అలివేణి చెప్పుకొచ్చింది. వానాకాలంలో అక్క పోయింది. బావది ఓడ మీద ఉద్యోగం. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ల మీదే గడుస్తుంది. అందుకని వాళ్ల కూతురు కృత్తికను తన దగ్గరికి తెచ్చుకుంది. పిల్ల ఏడవదు, పేచీ పెట్టదు. పిలిస్తే వచ్చి కంచం ముందు కూర్చుంటుంది, రెండు ముద్దలు కెలికి లేచిపోతుంది. ఏమైనా అడిగితే తల ఊపుతుంది. అలివేణి పూటకో రకం వండుతోంది. ఎదురుగా కూర్చుని, పిల్ల చెయ్యి నోటి దాకా వెళ్లేదాకా కన్నార్పకుండా చూస్తోంది. అయినా పిల్ల బుగ్గలు లోపలికి పోతూనే ఉన్నాయి.

"చెయ్యాల్సిందంతా చేస్తున్నానండీ. నా చెయ్యే దానికి అచ్చిరాలేదేమో. ఆఖరికి అది వెంట తెచ్చుకున్న చేప కూడా నేను వేసిన మేత ముట్టడం లేదు."

ఆచార్యులుగారు అక్కడ ఆపారు. "ఏం చేపమ్మా?"

"బెట్టా అంటారండీ. నీలం రంగుది. మా అక్క ముచ్చటపడి పెంచుకున్నది. పేరులోనే బెట్టు ఉంది, చెయ్యక ఏం చేస్తుంది అని పక్కింటావిడ నవ్వుతుంది." అలివేణి కూడా నవ్వబోయి మానేసింది. "అది కాస్తా పోతే ఆ పిల్లకు నా మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు."

"అయితే ముందు చేప సంగతి చూద్దాం," అన్నారు ఆయన. "రేపు వస్తాను."

అన్నట్టుగానే మర్నాడు వచ్చారు. చేతిలో ఎండిన బాదం ఆకు ఒకటి ఉంది. "చేపల గురించి నాకేమీ తెలియదు. బజారులో రంగుచేపలు అమ్మే అతన్ని అడిగి వచ్చాను," అంటూ చెప్పులు విడిచి లోపలికి నడిచారు. కృత్తిక వంటింటి తలుపు వెనక నిలబడింది. ఆయన పిల్లను చూశారు గాని పలకరించలేదు.

చేప తొట్టి హాల్లో కిటికీ గట్టు మీద ఉంది. సముద్రపు గాలి సూటిగా దాని మీదికే కొడుతోంది. పక్కన బీరువా అద్దం. నీళ్లు పాలిపోయి ఉన్నాయి. అడుగున తినని మేత నాని, తెల్లగా బూజు పట్టింది. చేప ఒక మూల రెక్కలు ముడుచుకుని, తడిసిన గుడ్డపీలికలా వేలాడుతోంది.

అలివేణి అలవాటు చొప్పున గాజు మీద వేలితో కొట్టి, "ఏయ్, ఇటు రా," అంది. చేప ఇంకాస్త మూలకు జరిగింది.

"రోజూ పిలుస్తావా?"

"డ్యూటీకి వెళ్లేముందు, వచ్చాక. దీని ముందే కూర్చుంటానండీ. తింటుందేమోనని ఇంకొంచెం, ఇంకొంచెం వేస్తాను."

ఆచార్యులుగారు తొట్టి అడుగును కాసేపు చూశారు. "నువ్వు వేసిన మేతే నీళ్లను పాడుచేస్తోందమ్మా. అది ఉంటున్నది ఆ నీళ్లలోనే కదా."

అలివేణి మొహం ఎర్రబడింది. వెళ్లి బకెట్టు తెచ్చింది. అంగడి మనిషి చెప్పినట్టే చేశారు. అడుగున ఉన్న మేతంతా తీశారు. నీళ్లు మొత్తం మార్చేస్తే చేప బెదురుతుందని కొన్ని ఉంచి, మిగతా చోట బిందెలో పట్టి ఉంచిన నిలవ నీళ్లు పోశారు. పోసేముందు వేలు ముంచి రెండింటి వెచ్చదనం సరిచూశారు. తొట్టిని గాలికీ అద్దానికీ దూరంగా వంటింటి అలమారలోకి మార్చారు. అద్దంలో తన నీడను చూసి వేరే చేప అనుకుని అది రోజంతా పోట్లాటకు దిగుతూ అలిసిపోతుందట. బాదం ఆకును కడిగి, చేపకు చాటుగా ఉంటుందని నీళ్ల మీద వదిలారు. చేప మెల్లగా వెళ్లి ఆకు కింద నిలబడింది.

"ఇప్పుడు మేత వెయ్యనా?"

"నేను చెప్పేదాకా వద్దు. దాని ముందు కూర్చోవద్దు, పిలవవద్దు."

"ఆకలితో చచ్చిపోతే?"

"అది కొన్నాళ్లు పస్తు ఉండగలదట, అడిగాను. ఉండలేనిది నువ్వు," అన్నారు ఆచార్యులుగారు, మెత్తగా.

ఆ రోజులు అలివేణికి ఎలా గడిచాయో ఆమెకే తెలుసు. వంటింట్లోకి వెళ్లిన ప్రతిసారీ చెయ్యి మేత డబ్బా మీదికి పోయేది. ఆసుపత్రిలో ఇంతమందికి సేవ చేసిన చెయ్యి, ఒక వేలెడు చేప ముందు పనిలేక నిలబడాల్సి వచ్చింది. ఆచార్యులుగారు మధ్యలో ఒకసారి వచ్చి తొట్టిలోకి చూసి, "ఇక ఒక గింజ వెయ్యవచ్చు. వేసి ఇవతలికి వచ్చెయ్యి. తినకపోతే తీసి పారెయ్యి," అని వెళ్లారు. వేసింది. చేప ముట్టలేదు. కళ్లు చెమర్చినా, చెప్పినట్టే ఆ గింజను చెంచాతో తీసి పారేసింది.

ఆ ఆదివారం సాయంత్రం పచ్చి బఠానీలు ముందేసుకుని, అలమారకు వీపు పెట్టి నేల మీద కూర్చుంది. ఊరికే కూర్చుంటే వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుందని పనిలో తల దూర్చింది. కాసేపటికి కృత్తిక వచ్చింది. రోజూ అయితే అలివేణి "ఆకలేస్తోందా అమ్మా? పాలు కలపనా?" అని లేచేది. ఇవాళ చేపను చూడకుండా ఉండే యాతనలో పడి పిల్లను చూడడం కూడా మరిచిపోయింది. కృత్తిక ఎదురుగా చతికిలబడి ఒక కాయ అందుకుంది.

ఇద్దరూ ఒలుస్తున్నారు. తొక్కలు ఒక పక్క పోగుపడుతున్నాయి.

"పిన్నీ," అంది పిల్ల. "చేప ఆకు కింద బుడగల గూడు కడుతోంది."

అలివేణి తల తిప్పబోయి ఆగింది. "అలాగా," అంది, ఇంకో కాయ తీసుకుంటూ.

"అమ్మ ఉన్నప్పుడు ఇలాగే కట్టేది. బాగుంటేనే కడుతుందట." పిల్ల చేతిలోని తొక్కను పోగులో పడేసింది. "అమ్మ మేత వేసి అక్కడ నిలబడేది కాదు. పాటేదో పాడుకుంటూ వెళ్లిపోయేది. నువ్వు చూస్తే దానికి భయం పిన్నీ."

అలివేణి బఠానీల వైపే చూస్తూ, "నాకు తెలియలేదమ్మా," అంది. "నువ్వు వెయ్యి ఇవాళ."

కృత్తిక లేచి వెళ్లింది. డబ్బా మూత చప్పుడు. పిల్ల తిరిగి వచ్చి కూర్చుంది; తనూ అటు చూడలేదు. కాసేపటికి నీళ్లలో టప్ మని చిన్న చప్పుడైంది. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ ఊరుకున్నారు. పిల్ల పెదవి ఒక పక్కకు వంగింది. ఒలిచిన కాయలోంచి ఒక గింజ నోట్లో వేసుకుంది. మరొకటి. వాళ్లమ్మ ఎలా పాడేదో, ఏ పాటలో ఎక్కడ తప్పేదో చెప్పసాగింది. చెబుతున్నంతసేపూ చెయ్యి గిన్నెలోకీ నోట్లోకీ పోతూనే ఉంది. అలివేణి కళ్లనిండా నీళ్లు. తుడుచుకుంటే పిల్ల ఆగిపోతుందేమోనని తుడుచుకోలేదు. మసకబారిన కళ్లతోనే కాయలు ఒలిచింది.

మర్నాడు పురాణం ముగిసి అందరూ వెళ్లాక ఆమె అరుగు కింద నిలబడి జరిగింది చెప్పింది.

ఆచార్యులుగారు అంతా విన్నారు. "ఏపాటి తిందమ్మా పిల్ల?"

"నేను చూడలేదండీ."

"చూడకుండా ఉండడం కష్టమైందా?"

"ప్రాణం పోయినట్టైందండీ."

"అవుతుంది," అన్నారు ఆయన, కండువా సర్దుకుని లేస్తూ. "మనకు పెట్టి, కనబడకుండా పక్కకు తప్పుకోవడం భగవంతుడికి మాత్రం కష్టం కాదంటావా?"