నడవని కూత

అనగనగా ఒక చిట్టడవి. అడవి అన్నాను కదా అని పులులూ ఏనుగులూ ఊహించుకోకండి పిల్లలూ. రేగు కంపలు, బలుసు పొదలు, అక్కడక్కడా తుమ్మచెట్లు, నడుమ చెదపుట్టలు. అంతే. ఆ అడవి అంచునే మద్దిలేటి అనే రైతు శనక్కాయ చేను ఉండేది.

ఆ పొదల్లో కౌజు పిట్టలు కాపురం ఉండేవి. కౌజు అంటే కోడిపిల్ల కంటే కాస్త పెద్దది. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. వాటిలో పొడలి అనే ఆడకౌజు ఉండేది. రెక్కల నిండా సన్నటి పొడలు, అంటే చుక్కలు, ఉండడంతో దానికి ఆ పేరు వచ్చింది. దాని మగడు ముల్లయ్య. కాలి వెనక పదునైన ముల్లు ఉందని వాడికి మహా గర్వం. పొడలి ఆ రోజుల్లో బలుసు పొద కింద గుడ్లు పొదుగుతోంది.

కౌజుల్లో ఒక ఆచారం ఉంది. తెల్లవారేసరికి ఎవడైనా మగకౌజు 'ఈ నేల నాది' అని కూశాడనుకోండి. ఆ నేల మీద ఉన్న మగకౌజు వెంటనే జవాబు కూయాలి. కూసి ఊరుకుంటే చాలదు, పరుగున వెళ్ళి తన్నాలి. వెళ్ళనివాణ్ణి అడవంతా వెక్కిరిస్తుంది, 'పోయి గుడ్లు పొదుక్కో' అని. గుడ్లు పొదగడమేదో చేతగానివాళ్ళ పని అయినట్టు!

ఆ యేడు మద్దిలేటికి కోపం వచ్చింది. విత్తనం వేసిన చాళ్ళను కౌజులు గీరి, శనక్కాయ గింజలు ఏరుకు తిన్నాయి. నిజమే, తిన్నాయి. అదే చేలో అవి చెదపురుగుల్ని బుక్కలు బుక్కలుగా తిన్న సంగతి మాత్రం మద్దిలేటి చూడలేదు. చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు. పిట్టలు పట్టే సుంకన్నను పిలిపించాడు. పిట్టలన్నీ నువ్వే తీసుకో, నా చేను నాకు మిగిల్చు అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున అడవి నడుమ నుంచి ఒక కొత్త కూత వినిపించింది.

"ఎవడ్రా ఇక్కడ? ఈ నేల నాది. దమ్ముంటే రా."

ముందుగా విన్నవాడు పెద్దబొబ్బ. అడవిలో అందరికంటే గొంతు పెద్దదని వాడికా పేరు. ఒక్క అరుపు అరిచి, ఛాతీ విరుచుకుని పరుగెత్తాడు. తిరిగి రాలేదు. గెలిచి అక్కడే ఉండిపోయాడేమో అనుకున్నారు అందరూ.

ఆ మర్నాడు మళ్ళీ అదే కూత, అవే మాటలు. ఈసారి ఎర్రకాలు అనే ఇంకో మగకౌజు వెళ్ళాడు. వెళ్ళే ముందు ముల్లయ్య వైపు చూసి నవ్వాడు కూడా. వాడూ తిరిగి రాలేదు.

ఇక ఆ అడవిలో మిగిలిన మగకౌజు ముల్లయ్య ఒక్కడే. ఆ సాయంత్రం వాడు కాలి ముల్లును రాతికి నూరుకుంటూ కూర్చున్నాడు. పక్కన చెదపుట్ట మీద ఒక తొండ ఉంది. ఎవరేమన్నా తల ఊపడం దాని అలవాటు.

"రేపు నీ వంతే కదా, ముల్లయ్యా?" అంది తొండ.

"నా వంతే," అన్నాడు ముల్లయ్య.

పొడలి గుడ్ల మీది నుంచి తల ఎత్తింది. "ఒక్క మాట అడుగుతాను, జవాబు చెప్పి తర్వాత నూరుకో. నిన్న వాడు ఎక్కడి నుంచి కూశాడు?"

"పెద్ద తుమ్మచెట్టు దగ్గర."

"ఈరోజు?"

ముల్లయ్య ఆలోచించాడు. "పెద్ద తుమ్మచెట్టు దగ్గరే."

"వాడికి మన నేల కావాలి అంటున్నాడు. కావాలనుకున్నవాడు దాని మీద నడవాలి కదా? నువ్వు ఈ పొద గెలిచిన రోజు ఎన్ని చోట్ల తిరిగి కూశావు? రాయి మీద కూశావు, వాగు గట్టు మీద కూశావు, ఈ పుట్ట మీదా కూశావు. మరి వీడు ఇద్దర్ని ఓడించి కూడా ఒక్క అడుగు ముందుకు వేయలేదేం?"

తొండ తల ఊపింది. ముల్లయ్య దానికేసి గుర్రుగా చూశాడు. తొండ అప్పుడూ తల ఊపింది.

ఆడవాళ్ళు ప్రతిదానికీ అనుమానపడతారు అని గొణిగాడు ముల్లయ్య. పొడలి గుడ్ల మీద ఎండుటాకులు కప్పింది. కాసేపు వీటికి కాపలా ఉండు, నూరేది ఇక్కడ కూర్చునే నూరుకో అని చెప్పి, పొదల చాటున పెద్ద తుమ్మచెట్టు వైపు నడిచింది.

అక్కడ ఏముందో తెలుసా? వెదురు పంజరం. దాని మీద పచ్చి కొమ్మలు. లోపల నున్నటి ఈకలతో బలిసిన మగకౌజు. పంజరం చుట్టూ నేలలో చిన్న చిన్న పుల్లలు దిగగొట్టి ఉన్నాయి. ప్రతి పుల్లకూ సన్నటి దారపు ఉచ్చు. ఒక ఉచ్చులో ఎర్రటి ఈక ఒకటి చిక్కుకుని గాలికి కదులుతోంది.

అది ఎర్రకాలు ఈకే అని పొడలి గుర్తుపట్టింది. అయినా వెనక్కి తిరగలేదు. ఉచ్చులకు ఇవతలే ఆగింది.

"ఏం అన్నా, రోజూ మా వాళ్ళను తిట్టేది నువ్వేనా?"

"నేనే," అన్నాడు పంజరంలోని కౌజు. "నా పేరు రాజా. సుంకన్న పెట్టాడు."

"మా పెద్దబొబ్బ ఎక్కడ? ఎర్రకాలు ఎక్కడ?"

"సంచిలోకి వెళ్ళారు."

"సంచిలోంచి ఎక్కడికి?"

రాజా ముక్కుతో రెక్క గోక్కున్నాడు. "అది నేను చూడలేదు పిల్లా. నా పని కూయడం. కూస్తే జొన్నలు పెడతారు. రమ్మని నేనెవరి కాలూ పట్టి లాగలేదు. వాళ్ళ కాళ్ళతో వాళ్ళే వచ్చారు."

"అదీ నిజమే," అంది పొడలి. "నీకు ముల్లయ్య తెలుసా?"

"ఎవడు వాడు?"

"రేపు నువ్వు తిట్టబోయేవాడు."

"నాకెవరూ తెలియదు. నిన్నమొన్నటిదాకా వేరే అడవిలో ఉన్నాను. అక్కడా ఇదే మాట. వచ్చే వారం ఇంకో అడవి. అక్కడా ఇదే మాట." గొంతు తగ్గించి అన్నాడు రాజా. "మీరు రాకపోతే నాకు జొన్నలు పెట్టరు. అది ఆలోచించావా?"

"ఆలోచించాను. నీ జొన్నల కోసం మా మెడలు ఇవ్వలేం, అన్నా."

పొడలి తిరిగి వచ్చి చూసినదంతా ముల్లయ్యకు చెప్పింది. పంజరం సంగతీ, ఉచ్చుల సంగతీ, ఎర్ర ఈక సంగతీ. ముల్లయ్య ముల్లు నూరడం ఆపేశాడు.

"అయినా నేను పోకపోతే వాడు నన్ను పిరికివాడు అనుకుంటాడు," అన్నాడు చివరికి.

"అనుకోడు. నువ్వున్నావనే వాడికి తెలియదు. ఆ తిట్టు నీది కాదు, ముల్లయ్యా. ఎవరికి సరిపోతే వాళ్ళకు తగిలేలా అల్లిన ఉచ్చు అది. దారంతో అల్లినవి చుట్టూ ఉన్నాయి, మాటలతో అల్లింది ముందుంది. నీకు పోట్లాడాలని ఉంటే రేపు పోట్లాడు. కూయాలని ఎగిసే నీ గొంతుతోనే పోట్లాడి, దాన్ని ఆపు. దాన్ని మించిన పోట్లాట ఈ అడవిలో ఇంతవరకు ఎవడూ చేయలేదు."

తెల్లవారింది. ముల్లయ్య బలుసు పొద కింద పొడలి పక్కనే నక్కి కూర్చున్నాడు.

"ఎవడ్రా ఇక్కడ? ఈ నేల నాది. దమ్ముంటే రా."

ముల్లయ్య మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక కాలు దానంతట అదే ముందుకు పడింది. ముల్లయ్య ఆ కాలు వెనక్కి లాక్కున్నాడు.

కాసేపటికి రాజా గొంతు ఇంకా పెంచాడు. ఈసారి మాట మారింది.

"ఏం, అందరూ గుడ్లు పొదుగుతున్నారా?"

పుట్ట మీది తొండ కిసుక్కున నవ్వింది. మగాడివైతే లేచేవాడివి అని ముల్లయ్య వినేలా గొణిగింది. ముల్లయ్య ముక్కు తెరిచాడు. గొంతులో అరుపు అంచుదాకా వచ్చింది. పొడలి మెల్లగా జరిగి, తన కింది గుడ్లలో ఒకదాన్ని కాలితో వాడి వైపు దొర్లించింది. ముల్లయ్య దానికేసి చూశాడు. చూసి చూసి, దాని మీద కూర్చున్నాడు.

అలా కూర్చుంటే ఛాతీ కింద వెచ్చగా తగిలింది. అరుపు లోపలికి పోయింది.

ఎండ ఎక్కింది. రాజా గొంతు బొంగురుపోయింది. సుంకన్న వచ్చి పంజరం మీది కొమ్మలు తీసేసి, గుడ్డ కప్పి, పంజరం భుజాన వేసుకుని చప్పుడు చేసుకుంటూ చేని వైపు వెళ్ళిపోయాడు.

"పోయాడు," అన్నాడు ముల్లయ్య. ఆనందంతో వాడి రెక్కలు దడదడలాడాయి. "మనం గెలిచాం. ఇప్పుడు కూస్తాను. అడవంతా వినాలి."

"ఇప్పుడు కాదు."

"ఇంకా ఎందుకు కాదు? వాడు ఓడిపోయాడు కదా!"

"వాసన చూడు," అంది పొడలి.

ముల్లయ్య గాలి పీల్చాడు. బీడీ వాసన. వెళ్ళినట్టే వెళ్ళి, చేని గట్టు పక్కన, రేగు కంప వెనక సుంకన్న కూర్చుని ఉన్నాడు. పిట్టలు పట్టేవాడికి పిట్టల గుణం తెలుసు. తిట్టుకు లేవని కౌజు కూడా గెలుపుకు లేస్తుందని వాడికి తెలుసు. సంచి తెరిచి ఒళ్ళో పెట్టుకుని చెవి రిక్కించి ఉన్నాడు.

నిజం చెప్పనా పిల్లలూ, తిట్టు మింగడం కంటే గెలుపు మింగడం కష్టం. ముల్లయ్య కళ్ళు మూసుకున్నాడు. పొడలి కూడా మూసుకుంది. దానికీ కూత గొంతు దాకా వచ్చింది మరి.

చాలాసేపటికి సుంకన్న లేచాడు. మద్దిలేటిని వెంటబెట్టుకుని వచ్చి, ఉచ్చులన్నీ ఒక్కొక్కటిగా పీకి చుట్ట చుట్టాడు. బలుసు పొదకు రెండు అడుగుల దూరంలో నిలబడి చెప్పాడు.

"ఈ అడవిలో ఇంక కౌజు లేదన్నా. మగపిట్ట ఉంటే ఈపాటికి కూయకుండా ఉండేది కాదు. అయిపోయాయి."

రెండు అడుగుల దూరంలో ముల్లయ్య ఆ మాట విన్నాడు. పిరికివాడివి అంటే ఓర్చుకున్నాడు. ఇప్పుడు ఏకంగా నువ్వు లేనే లేవు అంటున్నారు. వాడు గుడ్డును ఛాతీకి ఇంకాస్త దగ్గరగా అదుముకుని, ఒక్క ఈక కూడా కదలకుండా ఉన్నాడు.

సుంకన్న బండి స్టార్టయింది. ఆ చప్పుడు చేను దాటింది, వాగు దాటింది, రోడ్డెక్కి సన్నగిల్లింది. బీడీ వాసన కూడా పోయింది.

"ఇప్పుడు?" అన్నాడు ముల్లయ్య.

"ఇప్పుడు నువ్వు కూర్చో," అంది పొడలి. "గుడ్లు చల్లారిపోతాయి."

అది లేచి ఒళ్ళు దులుపుకుంది. నడిచి వెళ్ళి చెదపుట్ట ఎక్కింది. తొండ పక్కకు జరిగి చోటిచ్చింది. పొడలి మెడ నిక్కించి, గొంతు తెరిచి కూసింది. పెద్దబొబ్బ కూడా ఎన్నడూ అంత గట్టిగా కూయలేదు. వాగు అవతల రాళ్ళకు తగిలి ఆ కూత తిరిగి వచ్చింది.

"ఉన్నాం. ఈ నేల మీద మేం ఉన్నాం."

బలుసు పొద కింద, గుడ్ల మీద కూర్చున్న చోటి నుంచే ముల్లయ్య జవాబు కూశాడు. ఎవరినీ తన్నడానికి పరుగెత్తకుండా వాడు ఇచ్చిన మొదటి జవాబు అది.

తొండ తల ఊపింది. ఈసారి అలవాటుగా కాదు, నిజంగా ఒప్పుకుని.

నీతి: రెచ్చగొట్టే ప్రతి కూతకూ పరుగెత్తడం పౌరుషం కాదు, కూసేవాడు ఎక్కడ నిలబడి ఎందుకు కూస్తున్నాడో కనిపెట్టి, మన గొంతు ఎప్పుడు తెరవాలో మనమే నిర్ణయించుకోవడం పౌరుషం.