కుట్లు విప్పేదాకా

కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోండి, పడుకున్నవాళ్ళు ఊఁ కొట్టండి. ఊఁ ఆగిందో, నా నోరూ ఆగుతుంది. ఇది మీ తాతల నాటి మాట కాదు, ఇంకా ఎగువది. సరిగ్గా ఎప్పుడని మాత్రం అడక్కండి. నాకు చెప్పినావిడకే తెలీదు.

ఒక ఊరుండేదట. ఊరి చివర సముద్రం, సముద్రం ఒడ్డున ఇసకదిబ్బ, దిబ్బ మీద పెంకుల ఆసుపత్రి. ఆ ఆసుపత్రిలో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. డాక్టరమ్మ కాదు, నర్సమ్మ కాదు. కట్లు కట్టే గుడ్డలు ఉడకబెట్టే మనిషి. ఆసుపత్రి వెనక తాటాకు పాక, పాకలో మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద పెద్ద డేగిసా. రక్తం గుడ్డలు వస్తే ఉడకబెట్టేది, చీము గుడ్డలు వస్తే ఉడకబెట్టేది, ఎండలో ఆరేసి మడతలు పెట్టి పంపేది. మర్నాడు మళ్ళీ అవే వచ్చేవి.

ఆ వైపు ఆడవాళ్ళకి అడ్డచుట్ట అలవాటు. తెలీనివాళ్ళకి చెబుతాను, తెలిసినవాళ్ళు నవ్వుకోండి. మగవాడు చుట్ట ముట్టిస్తే నిప్పు బయటుంటుంది. ఆడది ముట్టిస్తే ఆ నిప్పు కొసే నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, చంకలో బిడ్డ మీద నిప్పు రాలదు, చేతులు రెండూ పనికి ఖాళీ. నాట్లేస్తూ పెట్టుకుంటారు, చేపలు ఎండేస్తూ పెట్టుకుంటారు, దాలమ్మ అయితే గుడ్డలు పిండుతూ పెట్టుకునేది. పైకి పొగ కూడా పెద్దగా కనపడదు. అన్నం తినడం, నీళ్ళు తాగడం, అడ్డచుట్ట పెట్టుకోవడం, అంతే. దాన్ని ఎవరూ ఒక అలవాటని కూడా అనుకోలేదు.

ఆ ఆసుపత్రికి పరాంకుశంగారని ఒక డాక్టరు వచ్చాడు. ఎక్కడో దక్షిణాది మనిషి, చెయ్యి మంచిది. కడుపు కోసి గడ్డ తీస్తే మనిషి లేచి నడిచి ఇంటికెళ్ళేవాడు. కానీ ఆయనకో పట్టింపు ఉండేది. ఆపరేషనుకి వచ్చిన ప్రతి మగవాడి వేళ్ళు వాసన చూసేవాడు.

"మూడు వారాలు చుట్ట ముట్టుకోకు. నువ్వు చుట్ట ముట్టుకుంటే నేను కత్తి ముట్టుకోను."

మగవాళ్ళు గొణుక్కున్నారు, సణుక్కున్నారు, చివరికి మానేశారు. వాళ్ళ కోతలు చక్కగా కూడుకున్నాయి. ఆడవాళ్ళని ఆయన ఏమీ అడగలేదు. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు చుట్ట తాగరు మరి, అడగాలని ఆయనకెలా తోస్తుంది?

మొదట ఎల్లమ్మ వచ్చింది. కోశారు, కుట్టారు. నాలుగోనాడు దగ్గు పట్టుకుంది, దగ్గి దగ్గి కుట్లు ఊడాయి. తర్వాత నూకాలు వచ్చింది. కోశారు, కుట్టారు. కోత నల్లబడింది, రెండు నెలలు మంచం దిగలేదు. మూడో మనిషి అసిరమ్మ. కోశారు, కుట్టారు. ఊపిరితిత్తులకి కఫం అడ్డుపడి పోయింది.

పరాంకుశంగారు తాటాకు పాక దగ్గరికి వచ్చాడు.

"దాలమ్మా, గుడ్డలు సరిగా ఉడుకుతున్నాయా?"

"ఉడుకుతున్నాయి బావూ."

"అయితే ఆడవాళ్ళకే ఎందుకిలా అవుతోంది?"

దాలమ్మకి బోధపడలేదు. బోధపడకపోతే మాత్రం పొయ్యి ఆగుతుందా, పుల్ల ఎగదోసింది. ఆ రోజునుంచి ఒకసారి ఉడకబెట్టే గుడ్డ రెండుసార్లు ఉడకబెట్టింది, రెండుసార్లు ఉడకబెట్టే గుడ్డ మూడుసార్లు ఉడకబెట్టింది. గుడ్డలు చివికి పీలికలయ్యాయి. ఆడవాళ్ళ కోతలు మాత్రం అలాగే ఊడుతున్నాయి.

అలాంటి రోజుల్లో దాలమ్మ అప్ప పారమ్మ వచ్చింది. అప్ప అంటే సొంత అక్క, తల్లి పోయాక దాలమ్మని చంకనేసుకుని పెంచిన మనిషి. కడుపులో కొబ్బరికాయంత గడ్డ. పరాంకుశంగారు నొక్కి చూసి, "ఒంట్లో రక్తం లేదు, నెల్లాళ్ళు ఇక్కడే ఉండి తిని బలం తెచ్చుకో, అప్పుడు కోస్తాను" అన్నాడు. దాలమ్మ గుండెలో రాయి పడింది. అసిరమ్మని పాడె మీద పెట్టిన చోట అప్పని పెట్టాల్సి వస్తుందేమోనని ముద్ద దిగేది కాదు.

ఒక పొద్దుట పారమ్మ పాకలోకి వచ్చి చతికిలబడి కొప్పులోంచి చుట్ట తీసింది.

"నిప్పెట్టవే దాలీ."

దాలమ్మ పట్టకారుతో నిప్పు కణిక తీసింది. తీసిన కణిక అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎల్లమ్మ ఇక్కడే కూర్చుని నిప్పడిగింది. నూకాలూ ఇక్కడే కూర్చుంది, అసిరమ్మా అంతే. ముగ్గురికీ ఈ పొయ్యిలో నిప్పే, ఈ చేత్తోనే ఇచ్చింది. మగవాళ్ళు ఈ పాక ఛాయలకి రారు, వాళ్ళు బాగానే ఉన్నారు.

రక్తం గుడ్డలు ఉడికే పొయ్యి కదా, దీని నిప్పు మైల నిప్పు అయిపోయిందనుకుంది పాపం. కణిక వదిలేసి పరిగెత్తింది.

"బావూ, తప్పు నాదే. నా పొయ్యిలో నిప్పు మంచిది కాదు. దాంతో సుట్ట ముట్టించినోళ్ళకే కుట్లు ఊడతన్నాయి. మా అప్పకి వేరే పొయ్యి నిప్పు తెచ్చి ఇస్తాను, బతుకుద్దా?"

పరాంకుశంగారు రాస్తున్న కాగితం పక్కన పెట్టాడు.

"ఆడవాళ్ళకి చుట్టలెందుకు?"

"ఎందుకేటి బావూ? పెట్టుకోడానికి."

"నువ్వూ పెట్టుకుంటావా?"

"నానేటి, మా అమ్మ పెట్టుకునీది, మా అమ్మమ్మ పెట్టుకునీది."

నోరు తెరవమన్నాడు. తెరిచింది. అంగిలి మాడిన అట్లపెనంలా ఉంది. చూసి కుర్చీలో కూలబడ్డాడు. "తప్పు నీ నిప్పుది కాదమ్మా. నేను అడగలేదు. ఒక్కరినైనా అడగలేదు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డాక్టరు తప్పు తనదంటాడేమిటో దాలమ్మకి బోధపడలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. పొగ రక్తంలో కలుస్తుంది, ఆ రక్తం కోతని కూడనివ్వదు, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని దగ్గొస్తుంది. ఆవిడ తలూపింది. గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"నోట్లో పొగకీ కడుపులో కోతకీ ఏటి సంబంధం బావూ?"

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ తలూపి, మళ్ళీ గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది. మూడోసారి ఆయన ఒకటే మాటన్నాడు.

"మీ అప్ప బతకాలంటే చుట్ట మానాలి."

అది బోధపడింది.

కానీ పారమ్మ ఎవరనుకున్నారు? మొగుడు మాటే వినని మనిషి. "నలబై ఏళ్ళ సుట్టని నాలుగు మాటల్తో మానీమంటావేటే? నువ్వు మానీ, అప్పుడు నానూ మానీస్తాను" అంది.

"మానీస్తాను."

"ఎన్నాళ్ళు?"

"నీ కుట్లు విప్పీదాకా."

అప్పచెల్లెళ్ళు చేతిలో చెయ్యి వేసుకున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి ఇద్దరికీ పిచ్చెక్కింది. పారమ్మ అయినదానికీ కానిదానికీ కసురుకుంది, దాలమ్మకి ఉతికిన గుడ్డేదో ఉతకనిదేదో తెలీలేదు. ఆరేసిన గుడ్డలే తెచ్చి మళ్ళీ ఉడకబెట్టింది. ఏం చెయ్యాలో తోచక చిన్న ముంతతో పొయ్యి మీద ఎసరు పెట్టి, "ఈ ఎసరు మరిగీదాకా ఓర్సుకో అప్పా, అప్పుడు సూద్దాం" అంది. ఇద్దరూ ముంతకేసి చూస్తూ కూర్చున్నారు. నీళ్ళు మరిగేసరికి చుట్ట మీది ఆ గుంజుడు కాస్త సద్దుమణిగింది. ఎందుకు సద్దుమణిగిందో దాలమ్మకి బోధపడలేదు. బోధపడకపోతే మాత్రమేం, మళ్ళీ గుంజినప్పుడు మళ్ళీ ఎసరు పెట్టింది.

మొదటినాడు ఇరవై ఎసర్లు. రెండోనాడు ఇరవై ఎసర్లు. మూడోనాడు పారమ్మ ముంత తన్నేసి కొప్పులోంచి దాచిన చుట్ట తీసింది. దాలమ్మ లాక్కుంది. లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు అలాగే ఉండి, పొయ్యిలో పడేసింది. చుట్ట భగ్గున అంటుకుని పొగ లేచింది. ఇద్దరూ ఆ పొగలోకి ముక్కులు చాపారు.

"దాలీ, ఇది తాగినట్టా, మానినట్టా?"

"నాకేటి తెలుసప్పా? ముక్కు తిప్పుకో ముందు."

నెల తిరిగింది. గడ్డ తీశారు. నాలుగోనాడు దగ్గు రాలేదు. ఎనిమిదోనాడు కోత నల్లబడలేదు. పన్నెండోనాడు పరాంకుశంగారు కత్తెరతో కుట్లు విప్పి, "లేచి నడువమ్మా" అన్నాడు. పారమ్మ లేచి నడిచింది. దాలమ్మ గోడకి తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇక పాకలోకి వెళ్ళి హాయిగా చుట్ట ముట్టిద్దామనుకుంది. తీరా వెళితే గుమ్మంలో ఎవరో ఆడమనిషి, కడుపు పట్టుకుని నిలబడి ఉంది. "పారమ్మతో మానినావట. నాతో మానవేటి?" అంది. కాదనలేక ఆవిడ కుట్లు విప్పేదాకా మానింది. ఆవిడ కుట్లు విప్పేలోగా ఇంకొకావిడ వచ్చింది. ఇంకొకావిడ కుట్లు విప్పేలోగా ఒక పడవ సరంగు వచ్చాడు. ఆయనది మరో పేచీ. "నీకేటమ్మా, నువ్వు ఎప్పుడో మానీసినావు. నీకిప్పుడు కష్టమేటుంది?" అన్నాడు. సరే కదా అని ఆయన కోసం చింతపులుసు మానేసింది. మరొకావిడ కోసం ఎండుచేప మానేసింది. మరొకాయన కోసం బెల్లం మానేసింది. ఎవరి కుట్లు విప్పారో, ఎవరివి విప్పలేదో, ఇవాళ తను ఏది తినొచ్చో, కంచం ముందు కూర్చుంటే ఆవిడకే అయోమయం. డాక్టరు గదిలోకి వెళ్ళి, "బావూ, బెల్లం మనిషి ఇంటికెల్లిపోనాడా?" అని అడిగి వచ్చి తినేది.

అలా ఏళ్ళు గడిచాయి. దాలమ్మ తల నెరిసింది, పరాంకుశంగారి తలా నెరిసింది. ఒకనాడు దాలమ్మ చింతపులుసు నోట్లో పెట్టుకుని అబ్బా అంది. పరాంకుశంగారు నోరు తెరవమన్నాడు. అంగిట్లో పుండు.

"మానీసి ఇన్నేళ్ళయింది కదా బావూ, ఇదెలా వచ్చింది?"

"మానకముందు ముప్పై ఏళ్ళు కాల్చావు కదమ్మా. మానావు కాబట్టే ఇన్నాళ్ళు ఆగింది. కొయ్యాలి."

దాలమ్మకి ఆ లెక్క బోధపడలేదు. "నాకు మానడానికి ఏటీ మిగల్లేదు. నాతో మానీవోళ్ళెవరు బావూ?" అంది.

ఆ మాట వార్డులో పడింది, వార్డులోంచి ఊళ్ళో పడింది, ఊళ్ళోంచి పక్క ఊళ్ళకి పాకింది. మర్నాడు ముందుగా పారమ్మే వచ్చింది. ఆవిడ ఇంటికెళ్ళిన నెలకే మళ్ళీ చుట్ట పెట్టుకుంది లెండి, ఆ సంగతి అందరికీ తెలుసు, దాలమ్మకి తప్ప. వచ్చి కొప్పులోంచి చుట్ట తీసి పాక గుమ్మంలో పెట్టింది. "నీ కుట్లు విప్పీదాకా" అంది. వెనకాలే ఎల్లమ్మ వచ్చింది, నూకాలు వచ్చింది, పడవ సరంగు వచ్చాడు. మూడు ఊళ్ళ జనం వచ్చారు. గుమ్మంలో చుట్టలు మోకాలెత్తు గుట్టయ్యాయి. అందరిదీ ఒకటే మాట, దాలమ్మ కుట్లు విప్పేదాకా. దాలమ్మ గుట్టకేసి చూసి, "ఇంతమంది మానీస్తే పొగాకు రైతేటవ్వాల?" అని బెంగపడింది.

కోశారు, కుట్టారు. నాలుగోనాడు దగ్గు రాలేదు. ఎనిమిదోనాడు కోత కూడుకుంటోంది. కానీ గంజి తప్ప ఏమీ దిగని మనిషి, వయసు మీద పడ్డ మనిషి, ఒంట్లో ఓపిక ఉండాలి కదా? తొమ్మిదోనాడు జ్వరం కాసింది. మాట తేలక సైగ చేసి పరాంకుశంగారిని పిలిచింది. ఆయన ఒంగి చెవి పెట్టాడు.

"తొరగా విప్పీ బావూ. అంతమంది సుట్టల కోసం సూస్తన్నారు."

"ఇంకా మూడు రోజులమ్మా" అన్నాడాయన.

పదోనాటి పొద్దుట పోయింది.

మూడు ఊళ్ళ జనం దిబ్బ మీద చేరారు. ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. ఏడుపు సద్దుమణిగాక ఎవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు. చివరికి పడవ సరంగు నెత్తి గోక్కుంటూ ముందుకొచ్చాడు.

"డాక్టరు బావూ, తప్పనుకోకండి. ఇప్పుడు మేం మల్లీ మొదలెట్టొచ్చా?"

పరాంకుశంగారు పెద్ద చదువు చదివిన మనిషి, ఆయనకీ తెలీలేదు. అప్పుడు పారమ్మ చెల్లెలి తల ఒళ్ళోంచి దించకుండానే అడిగింది.

"కుట్లు విప్పినారా?"

"లేదమ్మా."

"విప్పుతారా?"

ఆయన జేబులో కత్తెర తడుముకున్నాడు. ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. "లేదమ్మా" అన్నాడు.

"మరింకేటి అడుగుతారు?" అంది పారమ్మ.

అలాగే, కుట్లతోనే, దాలమ్మని ఇసకలో పెట్టారు. పారమ్మ మళ్ళీ చుట్ట ముట్టుకోలేదు. సరంగు ముట్టుకోలేదు. కొందరు దొంగచాటుగా ముట్టించారు, ముట్టించినవాళ్ళు పొగ దాలమ్మకి కనపడుతుందేమోనని భయపడి మళ్ళీ ఆర్పేశారు.

ఇప్పటికీ ఆ మూడు ఊళ్ళలో ఎవరికైనా ఆపరేషనని తెలిస్తే ఇంట్లో ఇంకొకరు వాళ్ళతోపాటు మానతారు. గుంజినప్పుడు ముంతతో ఎసరు పెట్టుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఆ ఊళ్ళకి వెళ్ళి ఎవరికైనా చుట్ట ఇచ్చి చూడండి. తీసుకోరు. ఎందుకయ్యా అంటే, "దాలమ్మ కుట్లు ఇంకా విప్పలేదండీ" అంటారు. ఎప్పుడు విప్పుతారని అడిగితే మాత్రం, అది వాళ్ళకీ తెలీదు.