ఓర చేను

అనగనగనగా కాలవ చివర ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో నతానేలని ఒక రైతు, అతని కొత్త పెళ్ళాం సువార్తమ్మ. సువార్తమ్మ నవ్వితే గాలికి వరి వెన్ను ఊగినట్టుండేదట, బంగారూ. మొగుడంటే ఆమెకు ప్రాణం.

ఆ యేడు పంట విరగపండింది. కోతల ముందు రోజు అన్నం వడ్డిస్తూ సువార్తమ్మ అంది, "ఏమయ్యా, దేవుడి ఆజ్ఞ గుర్తుందిగా? చేను ఓరలు, అదే అంచులు, కొయ్యకూడదు. కోసి కట్టిన పన చేలో మర్చిపోతే వెనక్కి వెళ్ళకూడదు. రాలిన వెన్నులు ఏరుకోకూడదు. అవన్నీ బీదలకి, పరదేశులకి."

"అన్నీ వాళ్ళకి వదిలేస్తే మనకి గట్లు మిగుల్తాయి" అన్నాడు నతానేలు.

ఏటా కోతలకి మెట్ట ఊళ్ళ నుంచి పోలమ్మ అనే ముసలామె పదిమంది ఆడవాళ్ళతో వచ్చి కాలవ గట్టున దిగేది. కోసిన చేలో పరిగె ఏరుకునేవాళ్ళు. పరిగె అంటే రాలిన వెన్నులన్నమాట. వాళ్ళ ఊరు వేరు, దేవుడు వేరు. అయినా దేవుడి మాటలో వాళ్ళకీ చోటుంది.

ఈసారి నతానేలు తన ఎగువ చేను ఓరలతో సహా నున్నగా గొరిగించాడు. పోలమ్మ ఖాళీ చేతులతో గట్టెక్కింది.

ఆ తర్వాత, చేలో మర్చిపోయిన పన ఒకటి పోలమ్మకి దొరికింది. నెత్తిన పెట్టుకుని నాలుగడుగులేసిందో లేదో, నతానేలు పరుగున వచ్చి దించుకుపోయాడు.

ఆ తర్వాత రాలిన గింజ కూడా దక్కనివ్వకుండా బాతుల మందని తోలించాడు. "బాతులైతే పెంటైనా వేస్తాయి. వీళ్ళేం వేస్తారు?" అని నవ్వాడు. సువార్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడు దిగువ చేను కోశారు. ఏడాది తిండంతా అందులోదే. కోసిన పైరు బంగారం పరిచినట్టు ఆరుతోంది. మూడో రోజు మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. ఊళ్ళో ఎవరి చేను వాళ్ళు చూసుకోడానికి పరిగెత్తారు. ఏటా అలా మబ్బు పడితే పోలమ్మ వాళ్ళు పిలవకుండానే వచ్చి పనలు మోసేవాళ్ళు. ఈసారి ఒక్కరూ రాలేదు. ఇంత చేను, ఇద్దరే మనుషులు!

"దేవుడా, నీ మాట మీరాను" అని నతానేలు గట్టున కూలబడ్డాడు.

సువార్తమ్మ కూలబడలేదు. కాలవ గట్టు వెంట ఒకటే పరుగు.

"పెద్దమ్మా, పంట పోతోంది. రండి!"

"మీ బాతులు రాలేదా తల్లీ, పనలు మొయ్యడానికి?" అంది పోలమ్మ.

సువార్తమ్మ తల వంచుకుంది. "తప్పు మాదే. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీక ఈ మొహంతోనే వచ్చాను."

పోలమ్మ కుచ్చిళ్ళు ఎగదోపింది. తన వాళ్ళకేసి తిరిగి, "లేవండే! కళ్ళముందు తిండి తడిసిపోతుంటే కూచుంటారేం?" అంది.

ఎంత గొప్ప మనసో చూడమ్మా! పదకొండు మందీ వాన మొహాన కొడుతున్నా మోశారు. సగం పంట కుప్పకెక్కింది. మిగతా సగం నీళ్ళలో నానిపోయి, వారం తిరక్కుండానే మొలకెత్తింది. ఆ సగం మళ్ళీ రాలేదు.

వాన వెలిశాక నతానేలు కుప్పలోంచి ఒక పన లాగి, రెండు చేతులా పోలమ్మకి ఇవ్వబోయాడు. పోలమ్మ ముట్టుకోలేదు.

"చేత్తో ఇస్తే అది ముష్టి, బాబూ. చేలో వదిలెయ్యి. నా నడుం వంచి నేనే ఏరుకుంటా. అది నా వాటా. మీ దేవుడే చెప్పాడటగా!"

మరుసటి యేడు నతానేలు ఓర మీద కొడవలి పడనివ్వలేదు. పోలమ్మ వంగి ఒక్కో వెన్నూ ఏరుతుంటే, ఆలుమగలిద్దరూ గట్టు మీద ప్రార్థనలో నిలబడ్డట్టు నిలబడిపోయారు.

కోసిన చేను ఇంటికి,
ఓర చేను పేదకి,
కథ నడిచె కంచికి,
కన్ను వాలె కునుకుకి!